ఇప్పచెట్ల కింద అలుకు

అలుకు ఆరకముందు తొక్కితే మా అమ్మ అంజవ్వ ఎవరినీ వదిలిపెట్టేది కాదు. మా నాయన బతికున్న రోజుల్లో ఆయనను కూడా ఎండలో వాకిట నిలబెట్టేదట. "జెర ఆగు, ఆరనియ్యి" అంటే, ఆయన చెప్పులు చేతిలో పట్టుకొని నిలబడేవాడట. పేడ, ఎర్రమన్ను కలిపి ఆమె అలికిన నేల మీద జొన్నలు పోసి ఎత్తితే ఒక్క ఇసుక రేణువు వెంట వచ్చేది కాదు.

మాది బాన్సువాడ బజారులో చిన్న కిరాణా దుకాణం. నిజాంసాగర్ కాలువ నీళ్లు పారడం మొదలయ్యాక ఊరి చుట్టూ వరి, చెరుకు పెరిగాయి. గుట్టవైపు మాత్రం కాలువ పోలేదు. అటంతా టేకు, తునికి, మోదుగు, ఇప్ప. గుట్ట పైఅంచున లంబాడీల తండా ఒకటి ఉండేది. తండాకు ఉప్పు, బెల్లం మా దుకాణం నుంచే పోయేవి.

మా ముందరి గదిలో జంగలాత్ దరోగా కిరాయికి ఉండేవాడు. అడవి చూసుకునే సర్కారు శాఖను మేము జంగలాత్ అనేవాళ్లం. దరోగా చెడ్డవాడు కాదు, నవ్వు తక్కువ. ప్రతి ఏడూ శివరాత్రి పోగానే ఆయన తండా నుంచి కొందరిని అగ్గికావలికి పెట్టుకునేవాడు. వాళ్లకు పెద్ద భోజ్యా. పొడుగాటి మనిషి, మాట మెల్లగా వచ్చేది. వాళ్లు గుట్ట మీద రెండు బండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పున ఆకు, గడ్డి ఊడ్చి అగ్గిబాట తీసేవాళ్లు. అటు పుట్టిన మంట ఇటు దాటకుండా అదే అడ్డు. తరువాత వానలు పడేదాకా ఒక పెద్ద బండ మీద వంతులవారీగా కూచుని పొగ కోసం చూసేవాళ్లు. పొగ కనిపిస్తే డప్పు కొట్టేవాళ్లు. మిగతావాళ్లు పచ్చి మోదుగు మండలు విరుచుకొని పరుగెత్తి మంటను బాదేవాళ్లు.

వాళ్లు ఏం తిని అంత పని చేస్తున్నారని చాలా రోజులు నేను అనుకోనే లేదు. ఒకసారి భోజ్యా దుకాణం ముందు నిలబడి చిటికెడు ఉప్పు నోట్లో వేసుకొని చెంబెడు నీళ్లు తాగి, మళ్ళీ గుట్ట దారి పట్టాడు. నా భార్య లలితమ్మ లోపలి నుంచి చూసింది. మరునాటి నుంచి ఒక కుండెడు జొన్న అంబలి, నాలుగు ఉల్లిగడ్డలు మా బండిలో గుట్టకు పోవడం మొదలైంది. నన్ను అడిగింది లేదు, నేను వద్దన్నదీ లేదు.

ఇప్పపువ్వు దగ్గర వచ్చింది చిక్కు. ఫాల్గుణం నుంచి చైత్రం దాకా ఇప్పచెట్లు తెల్లవారుజామున పువ్వు రాలుస్తాయి. తండా ఆడవాళ్లు పొద్దు పొడవకముందే పోయి ఏరుకొస్తారు. ఎండబెట్టి జొన్నలతో కలిపి ఉడికిస్తే రెండు మూడు నెలల తిండి. అయితే చెట్టు కింద మోకాలెత్తు ఎండుటాకు. అందులో పువ్వు కనబడదు, పాము కనబడదు. అందుకని పువ్వుకు ముందు చెట్టు కింద ఆకుకు అగ్గి పెట్టేవాళ్లు. నేల నల్లగా, శుభ్రంగా అయ్యేది, నల్ల నేల మీద తెల్ల పువ్వు మెరిసేది. కిందటేడు అలా పెట్టిన అగ్గి ఒకటి గాలికి లేచి టేకు మొక్కల్లోకి పోయింది. దాన్ని ఆర్పడానికి భోజ్యా మనుషులే పొద్దంతా చచ్చేంత పని చేశారు. అంటించింది ఆ ఇళ్ల ఆడవాళ్లే, ఆర్పింది ఆ ఇళ్ల మగవాళ్లే.

దానితో దరోగా ఈ ఏడు తండావాళ్లెవరూ ఇప్పచెట్ల కిందికి పోకూడదన్నాడు.

భోజ్యా, అతని భార్య చాంద్రి దుకాణానికి వచ్చారు. చాంద్రి గాజులు మోచేతుల దాకా ఉండేవి, ఆమె కోపంగా ఉంటే అవే ముందు చప్పుడు చేసేవి.

"అన్న, నువ్వు ఒక్క మాట చెప్తె దరోగా సాబ్ ఇంటడు. నీ ఇంట్లనే ఉంటుండు గదా" అన్నాడు భోజ్యా.

"ఉంటే? ఆయనను కిరాయి అడగనీకే నాకు భయమైతది."

"గా పువ్వు లేకపోతే పిల్లలకు ఏం ఉడకేయాలె?" అంది చాంద్రి. "అడివిని కాపలా కాసేది మావోళ్లు. అడివిల పువ్వు మాకు లేదా?"

నాకు ఒక సందేహం ఉండేది. అడగకుండా ఉండలేకపోయాను. "భోజ్యా, నిజం చెప్పు. గా పువ్వుల తినేదెంత, సారా కాసేదెంత?"

చాంద్రి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భోజ్యా వేళ్ల మీద లెక్క వేశాడు. "తినేదే ఎక్కువన్న. మిగిలినదంటవా... పండుగ రాదా మరి?"

అబద్ధం చెప్పి ఉంటే నేను తప్పించుకునేవాడిని. నిజం చెప్పాడు కనుక ఆ సాయంత్రం దరోగా దగ్గరికి పోయాను. ఆయన అరుగు మీద బూట్లు విప్పుకుంటున్నాడు.

"అడుగుతవని తెలుసు ముత్యం" అన్నాడు. "మళ్ళ అగ్గి లేస్తే జిమ్మేదారి ఎవరిది?"

"నాది" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"అయితే నీ దేవుడి మీద చెప్పు. తండా చెయ్యి ఏదీ అడివిల అగ్గి అంటియ్యదని చెప్పు. ఒక్క పుల్ల గీసినా సరే, ఇగ ఎప్పటికీ ఇప్పచెట్ల కిందికి ఎవర్నీ రానియ్య. సమజైందా?"

ఆంజనేయస్వామి మీద ఆన పెట్టి చెప్పాను. పడుకోబోతూ ఆలోచించాను. లంకను కాల్చిన స్వామి మీద, అడవి కాలదని ఆన పెట్టాను. ఆయన ఏమనుకుంటాడు?

చాంద్రి మాత్రం ఆ మాట నాకన్నా గట్టిగా పట్టుకుంది. అడవిలోకి పోయేవాళ్లు అగ్గిపెట్టె, చెకుముకి రాయి ఇంట్లో పెట్టి రావాలంది. మగవాళ్ల చుట్టలు కూడా లాక్కుంది. "నా మొగుడు పెద్దకావలి, వాని నడుముల కూడ తడిమి చూసిన" అని బజారులో చెప్పుకుంటే భోజ్యా సిగ్గుతో తల దించుకున్నాడు.

కాని అగ్గి లేకుండా పువ్వు ఏరడం ఎలా? ఊడిస్తే మన్ను లేచింది. పువ్వు మన్నులో పడి, తేనెలా జిగటగా ఉంటుంది కనుక ఇసుకంతా అంటుకుంది. చాంద్రి ఒక గంపెడు పువ్వు తెచ్చి మా వాకిట్లో దించింది. "తిను అన్న, నీ ఆన రుచి చూడు" అంది. ఒకటి నోట్లో వేసుకున్నాను. పళ్ల కింద కరకరలాడింది.

మా అమ్మ అప్పుడే వాకిలి అలికి చేతులు కడుక్కుంటోంది.

"ఏందే గది, గింత మన్ను? అలుకుతలేరా?"

"ఎక్కడ అలకాలె యాడీ?" అంది చాంద్రి. వాళ్ల భాషలో యాడీ అంటే అమ్మ.

"ఎక్కడేంది? చెట్టు కింద. మీ ఇల్లు అలుకుతరా లేదా?"

చాంద్రి పకపకా నవ్వింది. "అడివిని అలుకుతరా ఎవరన్న? ముసల్దానికి ఎండ తాకింది!"

"అడివంత ఎవరు అలకమన్నరే పిచ్చిదానా. చెట్టు నీడ ఎంతుంటే గంత. మీకు పేడ తక్కువా? మీ గొడ్లు బంగారం వేస్తున్నయా?"

పేడకు తక్కువ లేదు, నీళ్లకే తక్కువ. గుట్ట కింద వాగు ఎండింది, ఇసుకలో తవ్విన చెలిమలో మాత్రం నీళ్లు ఊరుతున్నాయి. మా బండికి ఖాళీ కిరసనాయిలు డబ్బాలు కట్టి, చెలిమ నుంచి నీళ్లు మోయించాను. అమ్మ ఆ బండిలోనే ఎక్కి కూచుంది. మా లలితమ్మ వద్దంటే, "నేను లేకపోతే వాళ్లు మందంగ పూస్తరు, పగుళ్లు వస్తయి" అంది.

గుట్ట నడుమ ఇప్పచెట్లు ఒక వరుసగా ఉండేవి. ఎవరూ నాటినవి కావు. ఒక చెట్టు నీడ అంచు రెండో చెట్టు నీడను తాకేది. ఆ వరుసకు పైన టేకు, దానికి పైన తండా. ఆడవాళ్లు ఆకు దూరంగా లాగి, రాళ్లు ఏరి, చెట్టు చెట్టుకూ అలికారు. అడవిలో అంత పొడుగు అరుగు నేనెప్పుడూ చూడలేదు. తండా ఆడపిల్లలు ముగ్గు కూడా వేశారు. తెల్లవారి పోయి చూస్తే ఆ నున్నటి నేల మీద పువ్వు పేలాలు పోసినట్టు పడి ఉంది. చేత్తో కాదు, చీపురుతో తోసి గంపకెత్తారు.

కొన్ని రోజులకు ఒకసారి, పువ్వు ఏరాక, పగిలిన చోట మళ్ళీ అలికేవాళ్లు. ఒక పొద్దున అలుకు మీద ఎలుగుగొడ్డు అడుగులు పడి ఉన్నాయి. అది కూడా పువ్వు కోసం వచ్చింది. ఆడవాళ్లు భయపడి వెనక్కి జరిగారు. మా అమ్మ వంగి చూసి, "గుడ్డిదానా, తడి కనవడలేదా నీకు?" అని అడవివైపు తిరిగి తిట్టింది. ఆ మాట తండాలో చాలా రోజులు చెప్పుకున్నారు.

అలా ఆ పువ్వు కాలం బాగా సాగింది. అంబలి కుండ ఒకటి రెండయ్యింది. శ్రీరామనవమి దగ్గరపడింది. నవమికి ముందు వచ్చిన మంగళవారం నేను గుట్ట మొదట్లో ఉన్న ఆంజనేయుడి బండకు పూజకు పోయాను. నడుముకు కట్టిన రుమాలులో కర్పూరం, అగ్గిపెట్టె. అమ్మ పైన చాంద్రితో కలిసి అలుకుతోంది. పొద్దు బారెడెక్కింది. సిందూరం పెట్టి, కర్పూరం బండ మీద పెట్టబోతుంటే పైనుంచి డప్పు వినబడింది.

కర్పూరం మళ్ళీ రుమాలులో చుట్టుకొని డప్పు వైపు పరుగెత్తాను. పక్కగా, గుట్ట కింది బండ్ల బాట వైపు నుంచి పొగ లేస్తోంది. ఎవరో దారిన పోయే బండ్లవాళ్లు వండుకొని పొయ్యి ఆర్పకుండా పోయారని తరువాత తెలిసింది. గాలి కింది నుంచి పైకి కొడుతోంది. మంట నడుమెత్తు ఉంది, కాని ఆగకుండా ఎక్కుతోంది. ఎండుటాకు మీద మంట నడిచే చప్పుడు నేను అంతకుముందు వినలేదు, గట్టి వాన పడినట్టు ఉంటుంది.

భోజ్యా, అతని మనుషులు పక్కపక్కన నిలబడి మోదుగు మండలతో బాదుతున్నారు. ఒకచోట ఆర్పితే రెండుచోట్ల లేస్తోంది. అగ్గిబాట మీద కూడా గాలికి ఆకు వచ్చి పడి ఉండడంతో మంట దాన్ని దాటింది. కళ్లలో నీళ్లు, ముఖాల మీద మసి. చివరికి భోజ్యా చెయ్యి ఎత్తాడు. అందరూ పైకి, ఇప్పచెట్ల వరుసవైపు పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను.

అక్కడ మా అమ్మ నిలబడి ఉంది, రెండు చేతులా పేడ.

"ఆగుండ్రి! ఆరలే! తొక్కకుర్రి!"

అందరూ ఆగారు! వెనుక పొగ, మంట. ముందు తడి అలుకు. అంతమంది మగవాళ్లు ఆ అంచున కాళ్లు బిగబట్టి నిలబడిపోయారు. నేను కూడా నిలబడ్డాను. ప్రతివాడికీ ఇంట్లో ఒక అమ్మ ఉంటుంది కదా.

"అవ్వా, అగ్గి వస్తుంది!" అన్నాడు భోజ్యా దగ్గుతూ.

"వస్తే రానియ్యి, గా పక్కకెళ్లి సుట్టు తిరిగి..." అంటూ అమ్మ తలెత్తింది. వాళ్ల తలల మీదుగా మంట కనిపించింది. "అయ్యో! తొక్కుండ్రి, తొక్కుండ్రి! నా అలుకు మన్నువడ, లోపలికి రాండ్రి బిడ్డా!"

అందరూ ఒక్కసారి అలుకు మీదికి వచ్చిపడ్డారు. భోజ్యా కాలి కింద నేల చూసుకున్నాడు. వరుస ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. అక్కడ మంట తినడానికి ఒక్క ఆకు లేదు. అయినా మంట అంత జోరుగా వస్తే నిప్పురవ్వలు వరుస దాటి టేకులో పడతాయి. టేకు అంటుకుంటే ఆ పైన తండా.

"ఈ అంచు నుంచి మనమే అంటియ్యాలె" అన్నాడు. "మన అగ్గి కిందికి దిగి ఆకు తినాలె. గా పెద్ద మంట వచ్చేసరికి దానికి మేత ఉండొద్దు."

అందరూ నడుములు తడుముకున్నారు. ఎవరి దగ్గరా అగ్గిపెట్టె లేదు. చాంద్రి ఇంట్లో పెట్టించింది కదా. భోజ్యా నా రుమాలువైపు చూశాడు.

"అన్న, నీ దగ్గరున్నది."

తీసి ఇయ్యబోయాను. నా చెయ్యి సగంలో ఆగింది. అతని చెయ్యి కూడా సగంలోనే ఆగింది. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. తండా చెయ్యి అంటియ్యదని ఆన. ఒక్క పుల్ల గీసినా, ఇగ ఎప్పటికీ పువ్వు లేదు.

"అంటిస్తె పువ్వు పాయె. అంటియ్యకపోతె ఇండ్లు పాయె" అన్నాడు భోజ్యా. "ఏం చెయ్యాలె, నువ్వే చెప్పన్న."

మంట దగ్గరపడుతోంది. నేను ఆంజనేయా అనుకుంటూ నిలబడ్డాను. ఆయన పలకలేదు, మా అమ్మ పలికింది.

"దేవుని చూసుకుంట నిలవడ్డవేందిరా? నీ చెయ్యి తండాదా, బజారుదా?"

చాంద్రి గాజులు గలగలమన్నాయి. "అవునన్న! నువ్వే గియ్యి!"

నేను ఇంట్లో పొయ్యి కూడా అంటించినవాడిని కాదు. దీపం, ఊదుబత్తి, హారతి, అంతే నాకు వచ్చిన అగ్గి. అంచున కూచుని ఎండుటాకు మీద కర్పూరం పెట్టాను. మొదటి పుల్ల విరిగింది. రెండోది గాలికి ఆరింది. మూడోది కర్పూరానికి అందింది. భోజ్యా నా వెనుకే నిలబడి చెప్పసాగాడు. "వంగు. ఇంక వంగు. ఉరకకు, నడువు. ఆకు అంచుకే పెట్టు. నీ ధోతి జూస్కో అన్న!" నేను గడ్డి చుట్ట ఒకటి అంటించుకొని వరుస వెంట ముట్టించుకుంటూ నడిచాను. నా వెంట అతని మనుషులు మండలతో, మంట వెనక్కి తిరగకుండా బాదుతూ వచ్చారు. ఆడవాళ్లు అలుకుకు తెచ్చిన పేడనీళ్ల డబ్బాలు పట్టుకొని రవ్వలు పడ్డచోటల్లా కుమ్మరించారు.

గాలికి ఎదురుగా మా అగ్గి మెల్లగా కిందికి దిగింది. పెద్ద మంట పైకి వచ్చింది. రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నట్టు ఒక్క క్షణం నిటారుగా లేచాయి. తరువాత తినడానికి ఏమీ లేక కూలబడ్డాయి. వాన వెలిసినట్టు ఆ చప్పుడు ఆగిపోయింది.

నా ధోతి అంచు జానెడు కాలింది. అది చూసి భోజ్యా నవ్వడం మొదలుపెట్టాడు. అందరూ నవ్వారు. దగ్గుతూ నవ్వారు.

లలితమ్మ పంపిన అంబలి కుండలు చెట్టు మొదట్లో పదిలంగా ఉన్నాయి. మనుషులంతా అలుకు మీదే కూలబడి దొప్పల్లో అంబలి తాగారు. దరోగా అప్పుడు వచ్చాడు, పొగ చూసి ఊరి నుంచి గుర్రం మీద. కాలిన నేలంతా నడిచి చూశాడు. చెట్ల అంచు దగ్గర వంగి బూడిద వేళ్లతో నలిపాడు. కింది నుంచి వచ్చిన మంట వేరు, పైనుంచి దిగిన మంట వేరు అని ఆయనకు తెలుసు.

"ఇక్కడ ఎవరో అంటించిండ్రు. ఎవరు?"

భోజ్యా దొప్ప కింద పెట్టాడు.

"నేనే సాబ్" అన్నాను.

"నువ్వా?"

"తండా చెయ్యి అంటియ్యదని ఆన పెట్టిన. అంటియ్యలే. బజారు చెయ్యి సంగతి మీరు అడుగలే."

ఆయన నా కాలిన ధోతి చూశాడు. మసి పట్టిన చేతులు చూశాడు. ఇటు రాబోతూ ఒక కాలు ఎత్తాడు.

"సాబ్, బూట్లు!" అంది మా అమ్మ. "గీళ్లు తొక్కిందే చాలు."

దరోగా ఒక కాలు గాలిలో ఉంచి ఒక్క క్షణం ఆగాడు. తరువాత రాయి మీద కూచుని బూట్లు విప్పి, అలుకు మీదికి వచ్చి కూచున్నాడు. చాంద్రి దొప్ప అందించింది. తాగి, మూతి తుడుచుకొని ఆమెనే అడిగాడు.

"రేపు పువ్వు ఎప్పుడు రాలతది?"

"కోడి కూసేసరికి, సాబ్."

"ఏరుకోండ్రి" అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "భోజ్యా, వచ్చే ఏడు అగ్గిబాట ఈ చెట్ల వరుసకే కలుపు. ముత్యం, అంబలికి జొన్నలు ఇక నుంచి నేను ఇప్పిస్త. మీ ఇంటామె ఒక్కతే ఎంతకని పోస్తది?" అన్నాడు. ఆయన నవ్వడం నేను అప్పుడు చూశాననే అనుకుంటున్నాను. మసిలో సరిగా కనిపించలేదు.

ఇంటికి పోయే దారిలో ఆంజనేయుడి బండ దగ్గర ఆగాను. సిందూరం పెట్టిన చోట ఈగలు వాలి ఉన్నాయి. హారతి బాకీ ఉంది, కర్పూరం లేదు. దండం పెట్టి అడిగాను. స్వామీ, నేను ఆన నిలుపుకున్నానా, మాట తిప్పి తప్పించుకున్నానా? నీ తోకకు నిప్పు పెట్టింది రాక్షసులు, లంకకు పెట్టింది నీవు. మరి ఆ అగ్గి ఎవరి లెక్కలో పడింది? ఆయన ఎప్పటిలాగే గద భుజాన వేసుకొని నిలబడి ఉన్నాడు. సందేహం అలాగే ఉంచుకొని ఇంటికి పోయాను. ఆకలి మాత్రం బాగా వేసింది.

మరునాడు కోడికూతకు అమ్మ మళ్ళీ బండి కట్టమంది. తన అలుకు ఏమైందో చూడాలట. తడిలో తొక్కిన అడుగులన్నీ ఎండలో గట్టిపడి అలాగే ఉన్నాయి. పెద్ద కాళ్లు, చిన్న కాళ్లు, ఒకచోట మునివేళ్ల మీద నిలబడిన గుర్తులు. తెల్లవారుజామున రాలి గాలికి దొర్లిన పువ్వంతా ఆ గుంటల్లో చేరింది. ప్రతి అడుగులో ఒక పిడికెడు ఇప్పపువ్వు.

"చూసినవా?" అంది అమ్మ నాతో. "గందుకే తొక్కొద్దన్న. మొత్తం గుంటలే. ఇయ్యాల అంత కొట్టి మళ్ళ అలకాలె."

"వద్దు యాడీ" అంది చాంద్రి, ఒక పెద్ద అడుగులో చెయ్యి పెట్టి పువ్వు తీస్తూ. "గిట్లనే ఉండనియ్యి. ఏరుడు సుళువైంది. గీ కాలు మావోనిదే, వేళ్లు చూడు ఎంత వంకరనో!"

పక్కన నిలబడిన భోజ్యా తన కాలు చూసుకున్నాడు. అమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకొని వరుసంతా చూసింది. తరువాత, "సరే తీయి. పువ్వు అయ్యేదాక ఉండనీ" అని, అడుగులు తొక్కకుండా పక్కనుంచి నడుచుకుంటూ పోయి బండిలో కూచుంది.